కుంగిన చక్రము, తిప్పిన స్క్రూ



ఈ శీర్షికలో ఇంతవరకు ఇంటి సంగతులే వ్రాస్తూ వచ్చాము. పిల్లల చదువు, పెద్దవారి మందులు, నెలాఖరు ఖర్చులు, ఇలాంటివి. ఈ నెల ఒక కారు గురించి వ్రాయబోతున్నాము. అదీ మన ఊళ్ళ రోడ్ల మీద కనబడని స్పోర్ట్స్ కారు. "పాస్టరుగారికి దానితో ఏమి పని?" అని మీరు నవ్వుకోవచ్చు. మాకు పనేమీ లేదు. కాని ఆ కారున్న ఇంట్లో మేము నాలుగు రోజులు బస చేశాము. ఆ నాలుగు రోజుల్లో భార్యాభర్తల మధ్య మాట పెరిగింది. పన్నెండేళ్ళ పిల్ల ఒకతి ఆ మాటల మధ్య నిలబడి బిక్కమొహము వేసింది. గొడవంతా ఒక్క సంగతి మీదనే. ఆ కారు ముందు భాగము కుడివైపు ఒక వేలి మందము కుంగింది.

2018 అక్టోబరులో మేము అమెరికా దేశములోని ఒహైయో రాష్ట్రములో కొలంబస్ నగరమునకు వెళ్ళాము. మమ్మును ఇంట చేర్చుకున్న సహోదరుడు కంప్యూటరు ఉద్యోగి. కృష్ణా జిల్లా నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డాడు. సాయంకాలము భోజనాలైన తర్వాత, "అయ్యగారూ, మీకొకటి చూపిస్తాను రండి" అని గ్యారేజీ తలుపు ఎత్తాడు. లోపల నారింజ రంగు కారు ఒకటి ఉన్నది. నేలకు ఆనుకున్నట్లుగా, మన నడుము ఎత్తుకు కొంచెము మించి ఉన్నదంతే. 1973 నాటి పోర్షే 914.

దాని సంగతి ఆయన ఉత్సాహముగా చెప్పాడు. ఈ కారును 1969లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో మొదట చూపించారు. ఫోక్స్‌వ్యాగన్, పోర్షే అనే రెండు సంస్థలు కలిసి చేసిన బండి. ఫోక్స్‌వ్యాగన్ అధిపతి హైన్జ్ నార్డాఫ్, పోర్షే యజమాని ఫెర్రీ పోర్షే నోటిమాటగా ఒప్పందము చేసుకున్నారు. 1968లో నార్డాఫ్ చనిపోయాడు. తర్వాత వచ్చిన అధిపతి ఆ నోటిమాటను అంతగా లెక్కచేయలేదు. అయినా బండి మాత్రము బయటికి వచ్చింది, 1976 వరకు తయారైంది. రెండే సీట్లు. ఇంజను సీట్ల వెనుక, వెనుక చక్రాలకు ముందు ఉంటుంది. పైకప్పు ఊడదీసి వెనుక డిక్కీలో పెట్టుకోవచ్చు. ముందు కూడా ఒక డిక్కీ ఉన్నది. పెట్రోలు ట్యాంకు, స్పేరు చక్రము రెండూ ముందువైపే. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికి వస్తుంది.

"రెండేళ్ళు దీని మీదే కూర్చున్నాను అయ్యగారూ. వచ్చే శనివారము అమ్మాయిని ఎక్కించుకుని మొదటిసారి హైవే మీదికి తీసుకుపోతున్నాను" అన్నాడు. పిల్ల ముఖము వెలిగింది. వాళ్ళ అమ్మ ముఖము మాత్రము వెలగలేదు.

మరునాడు ఉదయము ఆయన ఆఫీసుకు వెళ్ళిన తర్వాత ఆ చెల్లెలు కాఫీ పెట్టి ఇచ్చి, ఎదురుగా కూర్చున్నది. "అయ్యగారూ, మీరైనా చెప్పండి. శనివారము పిల్లను ఆ బండిలో ఎక్కించవద్దని చెప్పండి. మొన్న మా వీధిలో బ్రేకు వేస్తే బండి పక్కకు లాగేసిందట. ఆ మాట ఆయన నాతో చెప్పలేదు. గుమ్మములో నిలబడి చూసిన పిల్ల చెప్పింది."

మేము ఏమి చెప్పగలము? మాకు తెలిసినది ఒక అంబాసిడర్ కారు మాత్రమే. అయినా సాయంకాలము గ్యారేజీలో ఆయన పక్కన ఒక స్టూలు వేసుకుని కూర్చుని, "తమ్ముడూ, అసలేమి చేశావో మొదటి నుంచి చెప్పు" అని అడిగాము.

మెలిపడే కడ్డీ

ఆయన చెప్పినది మేము అర్థము చేసుకున్నంతలో ఇది.

మన లారీలకు, ట్రాక్టరు ట్రక్కులకు కమాను పట్టీలుంటాయి. మోటారు సైకిలుకు చుట్టలు చుట్టిన స్ప్రింగులుంటాయి. ఈ కారు ముందు చక్రాలకు ఆ రెండూ లేవు. ఒక్కో చక్రాన్ని పట్టుకుని కింద ఒక చెయ్యి వంటి భాగము ఉంటుంది. దాని గొట్టములో ఒక ఉక్కు కడ్డీ, కారు పొడవునా ముందు నుంచి వెనుకకు పడుకుని ఉంటుంది. దానికి టోర్షన్ బార్ అని పేరు. కడ్డీ ఒక కొస పళ్ళతో ఆ చేతిని పట్టుకుంటుంది. రెండవ కొస ఒక చిన్న మీటను పట్టుకుంటుంది. చక్రము గతుకెక్కి పైకి లేచినప్పుడు చెయ్యి కదులుతుంది, కడ్డీ మెలిపడుతుంది. ఇద్దరు మనుషులు తడి దుప్పటిని చెరొక కొస పట్టుకుని పిండినప్పుడు ఒకరు గట్టిగా పట్టుకోగా రెండవవారు మెలిపెడతారు కదా, అలాగు. దుప్పటి మెలిపడి ఊరుకుంటుంది. ఉక్కు ఊరుకోదు, మెలి విప్పుకొని చక్రాన్ని తిరిగి కిందికి నెడుతుంది. ఈ పద్ధతికి ఫెర్డినాండ్ పోర్షే 1931లో పేటెంటు కోరాడు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారులోనూ, 1989 వరకు వచ్చిన పోర్షే 911 కార్లలోనూ ఇదే పద్ధతి. 914 ముందు భాగము ఆ 911 నుంచి వచ్చినదే.

ఆ చిన్న మీటకు ఒక స్క్రూ ఉంటుంది. స్క్రూ బిగిస్తే మీట కడ్డీని కొంచెము తిప్పుతుంది, కారు ఆ మూల పైకి లేస్తుంది. వదులు చేస్తే దిగుతుంది. ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి. కారు ముందు ఎత్తు సరిచేయుట అంటే ఇదే. పానా ఒకటి ఉంటే చాలు, చేసేయవచ్చుననిపిస్తుంది. ప్రమాదము అక్కడే ఉన్నది.

చాలామంది పొరబడే సంగతి ఒకటి ఆయన చెప్పాడు. స్క్రూ బిగించినంత మాత్రాన స్ప్రింగు గట్టిపడదు. కడ్డీ ఎక్కడ నుంచి మెలిపడటము మొదలుపెట్టాలో ఆ చోటు మాత్రమే మారుతుంది. గట్టితనము కడ్డీ మందమును బట్టి ఉంటుంది. అదీ మామూలు లెక్క కాదు. మందమును నాలుగుసార్లు దానితోనే గుణించిన లెక్క. ఆ కారుకు ఫ్యాక్టరీలో వేసిన కడ్డీ 17.9 మిల్లీమీటర్లు. పందెపు మోజున్నవారు 21 మిల్లీమీటర్ల కడ్డీ వేస్తారు. మందము పెరిగినది 3 మిల్లీమీటర్ల చిల్లర మాత్రమే. గట్టితనము మాత్రము దాదాపు 1.9 రెట్లు అవుతుంది. ఇంకొకటి. ఎడమ కడ్డీ ఎడమకే, కుడి కడ్డీ కుడికే. వాటిని తయారీలోనే ఒకవైపు మెలితిప్పి పదును పెడతారు. మార్చి వేస్తే విరిగిపోవచ్చు.

ఆయన చేసిన పని

నెల క్రితము కారు ముందు కుడివైపు కొంచెము కుంగినట్లు ఆయనకు కనబడింది. మడ్గార్డు అంచు నుంచి నేలకు టేపు పెట్టి చూశాడు. ఎడమకు, కుడికి 15 మిల్లీమీటర్లు తేడా. "పాత బండి, కడ్డీ అలసిపోయింది" అనుకున్నాడు. జాకీ మీద ఎత్తి కుడి స్క్రూ బిగించాడు. దింపాడు, చూశాడు, చాలలేదు. మరల బిగించాడు. నాలుగైదుసార్లు అలా చేసిన తర్వాత రెండు వైపులా సమానమైంది. ఎన్ని తిప్పులు తిప్పాడో ఎక్కడా వ్రాసుకోలేదు.

కారు చూడటానికి చక్కగా ఉన్నది. వీధి చివరి వరకు నడిపి, తిరిగి వచ్చి ఇంటి ముందు బ్రేకు వేశాడు. ఎడమ ముందు చక్రము బిగుసుకుని కీచుమన్నది. బండి కుడివైపు లాగింది. "బ్రేకులో ఏదో ఉన్నది అయ్యగారూ. ఎడమ బ్రేకు కొత్తది తెప్పించాను, శుక్రవారము వేసేస్తాను" అన్నాడు.

అప్పుడు మాకు మా నాన్నగారు జ్ఞాపకము వచ్చారు.

నాన్నగారు ఒక మిషను ఆసుపత్రిలో డ్రైవరు. అంబాసిడర్ కారు నడిపేవారు. 2014లో తయారీ ఆగిపోయిన ఆ కారుకు కూడా ముందు చక్రాలకు టోర్షన్ బార్లే, వెనుక కమాను పట్టీలు. మాకు పది పన్నెండేళ్ళప్పుడు ఒకసారి ఆ కారు ముందు ఎడమవైపు కుంగింది. ఏలూరులో ఒక షెడ్డుకు తీసుకువెళ్ళి, "ముందు ఎడమవైపు లేపాలి మేస్త్రీ" అన్నారు నాన్నగారు. మేస్త్రీ బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ముందు సంగతి తర్వాత చూద్దామండీ, ముందు వెనక చూద్దాము" అన్నాడు. మేము పకపక నవ్వాము. మేస్త్రీ నవ్వలేదు. బండి కిందకు దూరి, వెనుక ఎడమ కమానులో విరిగిన పెద్ద పట్టీని వేలితో చూపించాడు. ముందు వైపు ఏమీ చెడిపోలేదు.

ఆ మాట మేము ఆ సహోదరునితో చెప్పి, "వెనుక చూశావా తమ్ముడూ?" అని మాత్రము అడిగాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోను తీసి రెండిళ్ళ అవతల ఉన్న ఒక ముసలాయనను పిలిచాడు. ఆ పెద్దాయన ముప్పై ఏళ్ళు జర్మను కార్లు బాగుచేసి విశ్రాంతి తీసుకుంటున్న మెకానిక్కు. చేతిలో టార్చి, ఒక స్క్రూడ్రైవరు పట్టుకుని నడిచి వచ్చాడు.

ముందు చక్రాల వంక ఆయన చూడనే లేదు. తిన్నగా వెనుకకు పోయి ఇంజను మూత ఎత్తాడు. ఈ కారులో బ్యాటరీ ఇంజను పక్కన కుడివైపు ఉంటుంది. మూత జల్లెడ వంటిది. వాన పడితే నీళ్ళు బ్యాటరీ మీద పడి, దాని ఆమ్లమును కడుక్కుంటూ కిందికి కారుతాయి. సరిగ్గా ఆ కిందనే కుడి వెనుక చక్రాన్ని మోసే ఇనుప గూడు ఉన్నది. దానికి తోడు ఒహైయోలో చలికాలమున మంచు కరగటానికి రోడ్లకు ఉప్పు చల్లుతారు. ఈ కార్లు నడిపేవారందరికీ ఆ మూల సంగతి తెలుసునట.

పెద్దాయన బ్యాటరీ పైకి తీశాడు. కింద పెట్టె ముక్కలుగా చేతికి వచ్చింది. దాని కిందనున్న ఇనుము పైకి మంచి రంగుతో నున్నగా ఉన్నది. స్క్రూడ్రైవరు మొన దాని మీద పెట్టి మెల్లగా నొక్కాడు. నానిన అట్టలో దిగినట్లు పిడి వరకు లోపలికి దిగిపోయింది.

ఎవ్వరమూ మాట్లాడలేదు. ఆ చెల్లెలు గుమ్మములో నిలబడి చూస్తూనే ఉన్నది. సహోదరుడు కారు తాళము చెవి జేబులోనుంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

నాలుగు కోళ్ళ మంచము

వెనుక చక్రము దగ్గర తుప్పు పడితే ముందు చక్రము ఎందుకు కుంగింది? బ్రేకు ఎందుకు పక్కకు లాగింది? ఆ రాత్రి పెద్దాయన కాగితము మీద బొమ్మ గీసి చెప్పాడు. మేము మన భాషలో చెబుతాము.

నులక మంచానికి ఒక కోడు కురచైతే ఏమవుతుందో మీకు తెలుసును. మంచము ఆ కోటికి అటు ఇటు ఉన్న రెండు కోళ్ళ మీద నిలబడుతుంది. కురచ కోడు, దానికి ఎదురు మూలనున్న కోడు తేలిపోతాయి. కారూ అంతే. కుడి వెనుక గూడు మెత్తబడి కిందికి దిగితే, ఆ చక్రము మీద, దాని ఎదురు మూలనున్న ఎడమ ముందు చక్రము మీద బరువు తగ్గుతుంది. కుడి ముందు చక్రము మీద, ఎడమ వెనుక చక్రము మీద బరువు పెరుగుతుంది. బరువు పెరిగిన కుడి ముందు చక్రము కుంగినట్లు కనబడుతుంది. ఆ చక్రపు కడ్డీలో అలసట ఏమీ లేదు, అది ఇతరుల బరువు మోస్తున్నది.

మన సహోదరుడు ఆ కుడి ముందు మూలనే స్క్రూతో పైకి లేపాడు. పొడుగు కోడును ఇంకా పొడుగు చేసినట్లు. కంటికి సమానమైంది, బరువు మాత్రము మరింత పక్కకు పోయింది. ఎడమ ముందు చక్రము నేలను నామమాత్రముగా తాకుతున్నది. బ్రేకు వేయగానే బరువు లేని చక్రము ముందుగా బిగుసుకుని జారుతుంది. పట్టున్న కుడి చక్రము బండిని తనవైపు లాగుతుంది. బ్రేకులో లోపము లేనే లేదు. కొత్త బ్రేకు వేసినా అలాగే లాగేది. శనివారము హైవే మీద, వాన పడి ఉంటే ఏమయ్యేదో మేము వ్రాయనక్కరలేదు.

స్క్రూ అబద్ధమాడలేదు. అడిగినంత ఎత్తు లేపింది. ఎందుకు కుంగిందో మాత్రము అది చెప్పదు. దానిని మనమే వెదకాలి.

సరియైన పద్ధతి

ఆ చలికాలమంతా కారు ఒక వెల్డింగు షాపులో ఉన్నది. కుళ్ళిన ఇనుము కోసివేసి, కొత్త రేకు అతికి, ఆ గూడును కొలతల ప్రకారము నిలబెట్టారు. 2019 ఏప్రిల్‌లో కారు ఇంటికి వచ్చింది. అప్పుడు ముందు ఎత్తు మొదటి నుంచి సరిచేశారు. తండ్రి కింద, పెద్దాయన పక్కన, పిల్ల నోటు పుస్తకముతో. మాకు ఫోనులో బొమ్మ చూపిస్తూ చేశారు. ఆ వరుస ఇక్కడ ఇస్తున్నాము. పాత కారు ఏదైనా కొలతలు దాని మాన్యువల్లోవి తీసుకోవాలి, వరుస మాత్రము అన్నిటికీ పనికి వస్తుంది.

మొదట నేల. గ్యారేజీ నేలలు నీళ్ళు బయటికి పోవటానికి వాలుగా పోస్తారు. మన తాపీమేస్త్రీలు గోడకు మట్టము చూసేటట్లు, నీళ్ళు నింపిన సన్నని ప్లాస్టిక్ గొట్టముతో నాలుగు చక్రాల చోట్ల మట్టము చూశారు. పల్లమున్న చక్రము కింద నేలకు పరిచే పలుచని బిళ్ళలు పెట్టి సమము చేశారు. వాలు నేల మీద కొలిచిన కొలత ఎంత జాగ్రత్తగా కొలిచినా తప్పే.

తర్వాత బరువు. పెట్రోలు ట్యాంకు నిండుగా ఉండాలి. ఆ కారు ట్యాంకు 62 లీటర్లు. నిండితే సుమారు 46 కిలోల బరువు, అదీ ముందువైపున. ఖాళీ ట్యాంకుతో ఎత్తు సరిచేసి తర్వాత నింపితే ముందు కుంగుతుంది. స్పేరు చక్రము దాని చోట ఉండాలి. నాలుగు టైర్లలో గాలి చెప్పినంత ఉండాలి. టైర్లు అన్నీ ఒకే కొలతవై, ఒకేలా అరిగి ఉండాలి.

తర్వాత కొలిచే చోటు. మడ్గార్డు అంచు నుంచి కొలవకూడదు. యాభై ఏళ్ళ కారుకు మడ్గార్డు ఎన్నిసార్లు దెబ్బ తిని, ఎన్నిసార్లు సుత్తితో సాగిందో ఎవరికి తెలుసు? ఈ రకము కార్లకు ఫ్యాక్టరీ పద్ధతి వేరు. చక్రపు నడిమి చుక్క నేల నుంచి ఎంత ఎత్తున ఉన్నది, టోర్షన్ బార్ నడిమి చుక్క నేల నుంచి ఎంత ఎత్తున ఉన్నది, ఈ రెంటి తేడా చూడాలి. ఆ తేడా మాన్యువల్లో ఇచ్చిన అంకెకు రావాలి. ఎడమకు కుడికి మధ్య 5 మిల్లీమీటర్లకు మించకూడదు. ఇందులో రేకుకు, రంగుకు పని లేదు.

తర్వాత ఎత్తుట. జాకీ బండిని ఎత్తటానికే గాని ఎత్తి ఉంచటానికి కాదు. గట్టి చోట్ల కింద ఇనుప స్టాండ్లు పెట్టి, బండి బరువు వాటి మీదికి దింపి, వెనుక చక్రాలకు చెక్క ముక్కలు అడ్డము పెట్టి, చేత్తో ఊపి చూసిన తర్వాతే కిందికి దూరాలి. ఈ ఒక్క మాట మన ఊళ్ళలో ఇటుకల మీద బండ్లు నిలబెట్టే తమ్ముళ్ళకు కూడా చెబుతున్నాము. ఇటుక పగిలేటప్పుడు ముందుగా చెప్పదు.

చక్రము వ్రేలాడుతున్నప్పుడు కడ్డీ మీద మెలి తక్కువ, కాబట్టి స్క్రూ తేలికగా తిరుగుతుంది. బండి బరువుతో తిప్పితే మరలు చెడిపోతాయి. ముందుగా తుప్పు వదిలే నూనె పోసి ఒక రాత్రి వదిలారు. ఒకసారికి అర తిప్పు మాత్రమే. ఏ వైపు, ఎటు, ఎంత అన్నది పిల్ల వెంటనే వ్రాసింది.

తర్వాత కుదురుట. జాకీ దింపిన వెంటనే కొలిస్తే ఎత్తు ఎక్కువ చూపిస్తుంది. ఎత్తినప్పుడు లోపలికి పోయిన టైర్లు నేలను పట్టుకుని, దింపినప్పుడు తమ చోటికి పోవు. బండిని ముందుకు వెనుకకు కొన్ని అడుగులు దొర్లించి, ముందు భాగమును చేతులతో నాలుగుసార్లు అదిమి వదిలి, అప్పుడు కొలిచారు. ప్రతిసారి అలాగే. ఒక్క పూట పని అనుకున్నది రెండు రోజులు పట్టింది.

చివరిగా తూకము. షాపులో నాలుగు చక్రాల కింద నాలుగు తూకపు పలకలు పెట్టి చూశారు. డ్రైవరు సీట్లో మనిషి బరువు ఉండాలి. ఆయన కింద స్క్రూ తిప్పుతూ సీట్లో కూర్చోలేడు కదా! అందుకు ఆ చెల్లెలు ఇంట్లోవి, తెలిసిన తెలుగు కుటుంబాల ఇళ్ళలోవి కలిపి 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు ఎనిమిది తెచ్చి పేర్చింది. అంటే 72 కిలోల చిల్లర. ఆ షాపువారు బియ్యము డ్రైవరుగా కూర్చున్న కారును మొదటిసారి చూశామన్నారట.

ఎత్తు కుదిరిన తర్వాత పని అయిపోదు. ముందు ఎత్తు మారితే చక్రాల వాలు మారుతుంది, స్టీరింగు కడ్డీల కోణము మారుతుంది, హెడ్‌లైట్ల వెలుగు పడే చోటు మారుతుంది. కాబట్టి వీల్ అలైన్‌మెంటు మరల చేయించాలి, లైట్లు సరిచేయాలి. కొందరు అందము కోసము ముందు భాగమును బాగా దించుతారు. అప్పుడు చక్రానికి పైకి లేచే చోటు తగ్గి, గతుకు వచ్చినప్పుడు అది రబ్బరు దిమ్మకు కొట్టుకుంటుంది. స్టీరింగు కడ్డీలు ఏటవాలై, గతుకు గతుకుకు చక్రము తనంతట తాను పక్కకు చూస్తుంది. ఫ్యాక్టరీవారు ఇచ్చిన అంకె కంటి కోసము ఇచ్చినది కాదు.

ముందు ఎవరు ఎక్కారు?

అన్నీ అయిన తర్వాత ఒక ఆదివారము సాయంకాలము ఖాళీగా ఉన్న ఒక పెద్ద పార్కింగు స్థలములో పెద్దాయన, సహోదరుడు కలిసి బ్రేకు పరీక్ష చేశారు. మెల్లగా ఒకసారి, కొంచెము వేగముగా ఒకసారి, గట్టిగా ఒకసారి. స్టీరింగు మీద చేతులు వదులుగా ఉంచినా బండి గీసిన గీతలా నిలిచింది.

ఇంటికి వచ్చేసరికి పిల్ల బూట్లు వేసుకుని గుమ్మములో సిద్ధముగా ఉన్నది. సహోదరుడు కారు దిగి భార్య వైపు చూసి, "తాళము నీ దగ్గర నుంచే తీసుకున్నాను. ముందు నువ్వు ఎక్కు. నీకు సరే అనిపిస్తే అప్పుడు అమ్మాయి" అన్నాడట. ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, అంత కిందనున్న సీట్లో ఎలా కూర్చోవాలో తెలియక, నవ్వుకుంటూ కూర్చున్నది. పిల్ల అలిగింది. పది నిమిషాలకు తిరిగి వచ్చారు. ఆమె దిగి ఏమీ అనలేదు. తలుపు తెరిచి పట్టుకుని, "రా" అని పిల్లను పిలిచింది.

ఇదంతా ఆమే మాకు ఫోనులో చెప్పింది. "అయ్యగారూ, బండి సంగతి నాకేమీ తెలియదు. ఆ రోజు బ్రేకు లాగిన సంగతి నాకు చెప్పనందుకే నాకు కోపము వచ్చింది. ఇప్పుడు చిన్న శబ్దము వచ్చినా వచ్చి చెబుతున్నారు. వినలేక చస్తున్నాను" అన్నది.

ప్రియ పాఠకులారా, మీ ఇంట పోర్షే ఉండకపోవచ్చు. ఆటో, ట్రాక్టరు, పాత మారుతి ఉండవచ్చు. ఒకవైపు కుంగితే, ఆ మూల కింద ఏదో ముక్క దూర్చి లేపేయకండి. టైరులో గాలి చూడండి, నేల చూడండి, ఎదురు మూల చూడండి, కిందనున్న ఇనుమును గుచ్చి చూడండి. ఏమి విప్పినా, ఏమి తిప్పినా ముందుగా ఒక పుస్తకములో వ్రాసుకోండి. బ్రేకు పక్కకు లాగితే, ఆ సంగతి ఇంట్లో వారికి చెప్పండి.

ఆ పిల్ల తన నోటు పుస్తకపు ఆఖరి పేజీని ఫొటో తీసి మాకు పంపించింది. గుండ్రని తెలుగు అక్షరాలు. అమెరికాలో పుట్టిన పిల్ల, అమ్మ దగ్గర నేర్చుకున్నది. అందులో ఇలా ఉన్నది: "ఎడమ, కుడి తేడా 2 మి.మీ. నాన్న సంతకము. అమ్మ సంతకము."

వచ్చే నెల మరల కలుసుకుందాము.